హిమాలయ రాజ్యం – 9
ఖుకురీ ఎవరిది?

గత వారం నలాపానీ కోట దగ్గర ఆగాం. డెహ్రాడూన్ పక్కన సాల వృక్షాల నడుమ ఉన్న ఆ చిన్న కొండకోట మీదికి 1814 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఎగబాకడం, 31వ తేదీన మేజర్ జనరల్ రోలో గిలెస్పీ కోట ముంగిట్లోనే గుండు తగిలి కూలిపోవడం, చివరికి నీళ్లకు దారి లేకుండా చేశాక నవంబరు 30న గోర్ఖాలీ సేనాని బలభద్ర కున్వర్ మిగిలిన డెబ్బై మందిని వెంటబెట్టుకుని కోట విడిచి నడిచిపోవడం చెప్పుకున్నాం. గిలెస్పీ దక్షిణాదికి తెలియనివాడు కాడు. 1806 జులైలో వేలూరు కోటలో సిపాయిలు తిరగబడినప్పుడు ఆర్కాటు నుంచి గుర్రపు దళంతో దూసుకొచ్చి, ఆ తిరుగుబాటును నెత్తుట ముంచినవాడు అతడే. మద్రాసు సైన్యంలో కొలువు చేస్తున్న తెలుగు, తమిళ, ముస్లిం సిపాయిలు ఆ రోజు వందల్లో చనిపోయారు. ఎనిమిదేళ్ల తర్వాత హిమాలయ పాదాల దగ్గర అతని కథ ముగిసింది.

నలాపానీ నుంచి ప్రాణాలతో తిరిగి వెళ్లిన ఇంగ్లీషువాళ్లు ఒక ఆయుధం గురించి మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. లోపలి వైపుకు వంగి, ముందుభాగం బరువుగా ఉండే కురచ కత్తి. కోట గోడల మీంచి దూకి వచ్చిన గోర్ఖాలీల చేతుల్లో వాళ్లు చూసినది అదే. ఆ రోజు మొదలైన ఖ్యాతి రెండు వందల ఏళ్లు దాటినా తగ్గలేదు. ఈ వారం కథ ఆ కత్తిది, ఖుకురీది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఖుకురీ చరిత్రను దాన్ని దూసినవాళ్ల వైపు నుంచి రాశారు, దాన్ని చూసి బెదిరినవాళ్ల వైపు నుంచి రాశారు. కొలిమి దగ్గర కూర్చుని దాన్ని సాగగొట్టినవాడి వైపు నుంచి రాసినది బహు తక్కువ. అందుకే ఆ కత్తి మీద వచ్చిన చట్టాలు కూడా దాన్ని సగమే చూశాయి.

యుద్ధానికి ముందు దాన్ని చూసిన ఒక ఇంగ్లీషువాడి మాట విందాం. 1793లో విలియం కర్క్‌పాట్రిక్ కంపెనీ దూతగా నేపాల్ వెళ్లాడు. కొద్దికాలానికే హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటు అయ్యాడు. ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన సవతి తమ్ముడు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ కట్టించినదే ఇవాళ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న రెసిడెన్సీ భవనం. విలియం రాసుకున్న నేపాల్ వివరాలు 1811లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఖుకురీ ప్రస్తావన ఉంది. నేపాలీలు నడుముకు పెట్టుకు తిరిగే ఈ కత్తి ముఖ్యంగా చిన్న చెట్లూ పొదలూ నరకడానికి, కొమ్మలు కొట్టడానికి పనికొస్తుందని, దారికి అడ్డం వచ్చే కొమ్మలను తొలగించడంలో దాని ఉపయోగం తాను స్వయంగా చూశానని ఆయన చెప్పాడు. ఆ మాటల్లో ఎక్కడా భయం లేదు. అడవి దారిలో తన ముందు నడిచిన మనిషి చేతిలో ఒక మంచి పనిముట్టు చూశాడు, అంతే రాశాడు. మూడేళ్ల తర్వాత నలాపానీ జరిగింది. అదే కత్తి ఆ తర్వాతి రాతల్లో మరోలా కనిపించడం మొదలైంది.

కంపెనీ ఆలస్యం చేయలేదు. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1815 ఏప్రిల్ 24న, తన మీద పోరాడిన గోర్ఖాలీలనే తన పటాలాల్లో చేర్చుకోవడానికి ఉత్తర్వులిచ్చింది. సిర్మూర్, నసీరీ, కుమావూ పటాలాలు అలా పుట్టాయి. 1857లో ఢిల్లీ దగ్గరి హిందూరావు ఇంటిని సిర్మూర్ పటాలం నెలల తరబడి కాపాడింది. 490 మందిలో 327 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఎదుటి పక్షాన ఉన్నది మన సిపాయిలే. ఆ సాహసాన్ని చదివినప్పుడల్లా మెచ్చుకోలు, బాధ రెండూ కలుగుతాయి నాకు. ఆ తర్వాత అడ్డంగా పెట్టిన రెండు ఖుకురీలు గోర్ఖా దళాల టోపీల మీద, బిళ్లల మీద, జెండాల మీద గుర్తుగా స్థిరపడ్డాయి. 1947 నవంబరులో భారత్, బ్రిటన్, నేపాల్ కుదుర్చుకున్న ఒప్పందంతో పది గోర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకు, నాలుగు బ్రిటన్‌కు వెళ్లాయి. మరుసటి ఏడాది మన సైన్యం పదకొండో గోర్ఖా రైఫిల్స్‌ను కొత్తగా నిలబెట్టింది. కార్గిల్‌లో 1999 జులై 3న ఖాలూబార్ కొండ మీద ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే ఆ రెజిమెంటు అధికారే.

మన నౌకాదళం కూడా ఈ పేరును ఎంచుకుంది. 1971 డిసెంబరు 9 రాత్రి అరేబియా సముద్రంలో, డయ్యూ తీరానికి దూరంగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో దెబ్బకు ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగిపోయింది. ఓడ విడిచి వెళ్లే అవకాశం ఉన్నా కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా వెళ్లలేదు. ఆయనతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు సముద్రంలో కలిసిపోయారు. ఆ పేరునే 1989లో మన దేశంలో కట్టిన తొలి క్షిపణి కార్వెట్‌కు పెట్టారు. ముప్ఫై రెండేళ్ల సేవ తర్వాత 2021 డిసెంబరు 23న విశాఖపట్నంలో దానికి వీడ్కోలు చెప్పారు. ఇప్పుడది డయ్యూలో ప్రదర్శనశాల.

ఇంత కీర్తి ఉన్నచోట కట్టుకథలు చేరడం సహజం. అన్నిటికన్నా మొండిది ఒకటుంది: ఖుకురీ ఒరలోంచి బయటికొస్తే నెత్తురు చూడకుండా తిరిగి లోపలికి వెళ్లదట, శత్రువు దొరక్కపోతే గోర్ఖా తన వేలైనా కోసుకుంటాడట. ఇది పచ్చి అబద్ధం. ఉదయం నుంచి సాయంత్రం దాకా కట్టెలు కొట్టడానికి, మేతకు ఆకులు కోయడానికి, వెదురు చీల్చడానికి దాన్ని పదిసార్లు తీసి పెట్టే రైతు పదిసార్లూ వేలు కోసుకుంటాడా? అయినా ఈ కథకు ఉన్న బలం తక్కువది కాదు. 1982లో ఫాక్‌లాండ్ దీవుల యుద్ధానికి బ్రిటన్ ఏడో గోర్ఖా రైఫిల్స్‌లోని ఒక పటాలాన్ని పంపింది. వాళ్ల కత్తుల గురించిన కథలు వాళ్లకన్నా ముందే అర్జెంటీనా సైనికులను చేరాయి. మౌంట్ విలియం అనే కొండ మీదికి గోర్ఖాలు ఎక్కేసరికి అక్కడ పోరాడేందుకు ఎవరూ మిగల్లేదు.

ఈ కీర్తి మన ఊళ్లకూ వచ్చింది. రాత్రి వీధుల్లో ఈల ఊదుతూ, కర్ర తాటిస్తూ తిరిగే కాపలాదారును తెలుగు పట్టణాల్లో గూర్ఖా అనే పిలుస్తాం. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆ పని చేసేవాళ్లలో చాలామంది నేపాల్ పడమటి కొసన ఉన్న అఛాం, బజాంగ్, డోటీ లాంటి జిల్లాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. వాళ్లకు పటాలంతో సంబంధమే లేదు. వాళ్లకు ఉద్యోగం ఇప్పిస్తున్నది సైనికుల పేరు. మెలకువగా గడపాల్సిన రాత్రులు మాత్రం వాళ్లవి.

ఇప్పుడు కత్తిని చేతిలోకి తీసుకుందాం. మామూలు ఖుకురీ పిడితో కలిపి పదహారు, పద్దెనిమిది అంగుళాలుంటుంది. అలుగు పది, పదకొండు అంగుళాలు. వెన్ను మందం, అంచు పలచన. పిడి దగ్గర సన్నగా మొదలై ముందుకు పోయేకొద్దీ వెడల్పెక్కుతుంది కాబట్టి బరువంతా ముందుకు చేరుతుంది. దెబ్బ వేసేటప్పుడు చెయ్యి పెద్దగా కష్టపడనక్కర్లేదు, ఇనుమే దిగుతుంది. గొడ్డలి పనీ, కత్తి పనీ ఒక్కదానితో జరగడానికి కారణం ఆ వంపే. తూర్పు కొండల్లోని భోజ్‌పూర్ కమ్మరులు చేసే వెడల్పాటి, బరువైన రకాన్ని భోజ్‌పురే అంటారు. సిరు అనే గడ్డి ఆకులా సన్నగా, పొడుగ్గా ఉండేది సిరుపాతే. వెండి తొడుగు వేసిన ఒరతో పెళ్లిళ్లకూ కానుకలకూ వాడేది కోథీమోరా.

పిడికి కాస్త ముందు, అంచు మొదలయ్యేచోట చిన్న గాటు ఉంటుంది. దాన్ని కౌడీ అంటారు. ఆవు గిట్ట గుర్తు అనేవాళ్లున్నారు, శివుడి త్రిశూలం అనేవాళ్లున్నారు, నెత్తురో చెట్టు పాలో పిడిమీదికి జారకుండా అనేవాళ్లూ ఉన్నారు. నాకు ఒకటి మాత్రం సబబుగా తోస్తుంది. సానరాయి అక్కడ ఆగాలి, అంచు అక్కడితో అయిపోయిందని ఆ గాటు కమ్మరికీ వాడేవాడికీ గుర్తు చేస్తుంది. మిగతా అర్థాలు భక్తితో తర్వాత చేరి ఉంటాయి. ఒర వెనక రెండు చిన్న అరలుంటాయి. ఒకదాంట్లో కర్దా అనే చిన్న కత్తి, కూరగాయలకూ తోలు ఒలవడానికీ. రెండోదాంట్లో చక్‌మక్, అంచు లేని ఇనుప ముక్క. దానితో ఖుకురీ అంచును సరిచేసుకుంటారు, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు రాజేసుకునేవాళ్లు. దారిలో పడ్డ మనిషికి వంటా, కట్టెలూ, నిప్పూ, రక్షణా అన్నీ నడుముకే ఉన్నాయి. ఇంత ఆలోచించి కూర్చిన సరంజామా యుద్ధం కోసం పుట్టిందంటే నేను నమ్మను. అలెగ్జాండర్ సైనికుల కత్తి నుంచి ఇది పుట్టిందనే ఊహ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. వంపు పోలిక తప్ప దానికి ఆధారమేమీ లేదు. కొండవాలు మీద పొదలు నరుక్కుని పొలం చేసుకున్న మనుషులకు ఇలాంటి కత్తి కావాలి. దాన్ని ఎక్కడినుంచో అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

దసరా వాళ్లకు అన్నిటికన్నా పెద్ద పండగ, దశైం. మన ఆయుధపూజ రోజుల్లోనే వాళ్లూ ఖుకురీలను కడిగి, కుంకుమ పెట్టి పూజిస్తారు. అష్టమి, నవమి రోజుల్లో దుర్గకు మేకపోతులనో దున్నలనో బలిస్తారు. మిగతా ఏడాదంతా వంటింటి పక్కన కట్టెల దగ్గరుండే కత్తి ఆ రెండు రోజులు దేవుడి గదిలో ఉంటుంది.

చట్టం సంగతికి వద్దాం. నేపాల్ కొండ పల్లెల్లో ఖుకురీ లేని ఇల్లు అరుదు, దానికి లైసెన్సు అడిగేవాళ్లుండరు. సరిహద్దు దాటి మన వైపు వస్తే కథ మారుతుంది. గోర్ఖాల చేతికి ఆయుధమిచ్చి, వాళ్ల బిళ్లల మీద ఖుకురీ చెక్కించిన బ్రిటిష్ ప్రభుత్వమే 1878లో ఆయుధాల చట్టం తెచ్చి మామూలు భారతీయుడి చేతిలోంచి ఆయుధాన్ని లాగేసుకుంది. స్వతంత్రం వచ్చాక దాని స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చింది. 1962 నియమాల్లో తుపాకులు కాని ఆయుధాలకు ఒక తరగతి పెట్టి, అందులో కత్తులు, బాకులు, బరిసెలతోపాటు కిర్పాన్లనూ ఖుకురీలనూ పేరుపెట్టి చేర్చారు. అలుగు 9 అంగుళాలకన్నా పొడుగైనా, 2 అంగుళాలకన్నా వెడల్పైనా అది ఆయుధం కిందికి వస్తుంది. అయితే ఇంటిపనికో, వ్యవసాయానికో, శాస్త్ర పరిశోధనకో, పరిశ్రమకో తయారైనదైతే రాదు. 2016లో కొత్త నియమాలు వచ్చినా ఈ వర్గీకరణ మారలేదు.

ఏది ఆయుధమో చెప్పే ఆ నియమంలోనే చిక్కంతా ఉంది. మామూలు ఖుకురీ అలుగు పది అంగుళాలు దాటుతుంది కాబట్టి కొలత ప్రకారం ఆయుధమే. కర్క్‌పాట్రిక్ చూసిన పని ప్రకారం అయితే అది వ్యవసాయ పనిముట్టు. రెండూ నిజమే. చట్టం మాత్రం ఖుకురీ పేరును కత్తుల పక్కన రాసి, ముందే ఒక వైపు మొగ్గింది. దాన్ని రాసిన కలం వెనక కొండ రైతు కనిపించడు, నలాపానీ సైనికుడే కనిపిస్తాడు.

ఇంకో మెలిక ఉంది. తుపాకి విషయంలోలా ఇలాంటి కత్తులకు దేశమంతా లైసెన్సు తప్పనిసరి కాదు. చట్టం 4వ సెక్షన్ కింద కేంద్రం ఏ ప్రాంతానికి, ఏ రకం ఆయుధానికి ప్రకటన ఇస్తే అక్కడే అవసరం. ఢిల్లీలో 1980 అక్టోబరులో వచ్చిన ప్రకటన అలుగు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు, అంతకు మించిన కొన్ని రకాల కత్తులకు వర్తిస్తుంది. అంటే మూడు అంగుళాలే. మన దగ్గర ఎన్నికలప్పుడు, పండగలప్పుడు కత్తులు, బరిసెలు పట్టుకుని బయట తిరగకూడదని పోలీసు అధికారులు వేరే ఉత్తర్వులిస్తుంటారు. ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రకు వెళ్లే మనవాళ్లు కాఠ్మండూ ఠమేల్ బజారులో ముచ్చటపడి ఖుకురీ కొని తెచ్చుకుంటారు కాబట్టి ఇది చెప్పాల్సి వచ్చింది. విమానంలో అది చేతి సంచీలో ఉండకూడదు, కింద వేసే సామానులోనే పెట్టాలి. ఇంటికి చేరాక అది గోడ మీద ఉన్నంతసేపు పేచీ ఉండదు. నడుముకు పెట్టుకుని బజారుకు వెళ్తే మాత్రం అది ఏ పనికి తయారైందో పోలీసులకు మీరే చెప్పుకోవాలి.

రిటైరైన గోర్ఖా కుటుంబాలు స్థిరపడిన బ్రిటన్‌లో ఈ ప్రశ్నను కొంచెం మెరుగ్గా అడిగారనిపిస్తుంది. 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం, మూడు అంగుళాల లోపు మడత కత్తి తప్ప ఏ పదునైన వస్తువునూ సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో దగ్గర ఉంచుకోకూడదు. ఆ కారణాల్లో పని కోసం, మతాచారం కోసం, జాతీయ వేషధారణలో భాగంగా అనేవి ఉన్నాయి. ఉత్సవానికి నేపాలీ దుస్తుల్లో వచ్చిన మనిషి నడుముకు ఖుకురీ ఉంటే చట్టం అతని మాట వింటుంది. 2008లో 50 సెంటీమీటర్లు, అంతకు మించిన వంపు కత్తుల అమ్మకాన్ని అక్కడ నిషేధించారు. మామూలు ఖుకురీ ఆ కొలతలో సగం చిల్లరే కాబట్టి తప్పించుకుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదనే నియమం మాత్రం దీనికీ వర్తిస్తుంది.

కత్తి మీద ఇన్ని చట్టాలు. కత్తి చేసినవాడి మీద వచ్చిన చట్టం వీటన్నిటికన్నా పాతది, క్రూరమైనది.

ఖుకురీలు చేసేవాళ్లు కామీలు. వాళ్ల కొలిమిని ఆరన్ అంటారు. ఇవాళ లారీల, బస్సుల పాత కమాన్ పట్టీలే వాళ్లకు ముడిసరుకు. ఆ ఉక్కు గట్టిది, సాగదీస్తే వంగుతుంది, తొందరగా విరగదు. బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, ఇద్దరు ముగ్గురు వంతులవారీగా సమ్మెట వేస్తారు. రూపం వచ్చాక అసలు నేర్పు మొదలవుతుంది. కాలిన కత్తిని మొత్తంగా నీళ్లలో ముంచరు. కెటిల్‌తో అంచు పొడవునా సన్నటి ధారగా నీళ్లు పోస్తారు. నీళ్లు తగిలిన అంచు చటుక్కున చల్లబడి గట్టిపడుతుంది. వెన్ను మెల్లగా చల్లారి మెత్తగా మిగిలిపోతుంది. అంచు కోస్తుంది, వెన్ను దెబ్బను ఓర్చుకుంటుంది. రంగు చూసి ఎప్పుడు పోయాలో, ఎంత పోయాలో తెలుసుకోవడం తండ్రి పక్కన ఏళ్లు కూర్చుంటే గాని రాదు. ఆ తర్వాత కొమ్ముతోనో శీసం చెక్కతోనో పిడి, లక్కతో అతుకు. ఒర తోలు కుట్టేవాళ్లు సార్కీలు. వెండి పని సునార్లది.

ఇనుము, తోలు, వెండి. మూడు పనులూ చేసేవాళ్లు నేపాల్ కొండల్లో దళితులు. తెలుగు పాఠకుడికి ఇది వింతగా అనిపించవచ్చు, ఎందుకంటే మన దగ్గర కమ్మరి, కంసాలి విశ్వబ్రాహ్మణులు, జంధ్యం వేసుకునేవాళ్లు. కామీలు ఇంటిపేరుగా పెట్టుకున్నదీ విశ్వకర్మే. దేవుడు ఒకడే అయినా దక్కిన చోటు వేరు. ఇంగ్లండ్ వెళ్లి వచ్చిన ప్రధానమంత్రి జంగ్ బహదూర్ రాణా 1854లో ములుకీ ఐన్ అనే ధర్మశాస్త్రాన్ని అమల్లోకి తెచ్చాడు. దేశంలోని కులాలన్నిటినీ మెట్లుగా పేర్చిన ఆ చట్టంలో కామీలు, సార్కీలు, బట్టలు కుట్టే దమాయీలు అట్టడుగున పడ్డారు. వాళ్ల చేతి నీళ్లు తాగకూడదు. వాళ్లు తగిలితే ఒంటి మీద నీళ్లు చల్లుకుని శుద్ధి చేసుకోవాలి. దశైం నాడు కుంకుమ పెట్టి దేవుడి గదిలో ఉంచే కత్తిని చేసిన మనిషి ఆ ఇంటి గడప దాటకూడదు. జంగ్ బహదూర్ స్వయంగా 1846లో కాఠ్మండూ దర్బారులో జరిగిన కోట్ ఊచకోత మీదుగా అధికారానికి వచ్చినవాడు. అతని సైనికుల నడుములకున్న ఖుకురీలు కూడా ఈ కామీల కొలిమి నుంచి వచ్చినవే.

వాళ్లకు కూలి డబ్బుగా కాకుండా ధాన్యంగా వచ్చేది. ఏడాది పొడవునా ఊరి కొడవళ్లు, గునపాలు, ఖుకురీలు చేసి, సాన పట్టి పెడితే కోతల తర్వాత ఇంటింటికీ ఇంత అని కొలిచేవారు. దాన్ని బాలీఘరే అంటారు. మన ఊళ్లలో కమ్మరికి కొలిచిన మేర ఎలాంటిదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ధర అడిగే వీలు లేదు, పని మానే వీలు లేదు.

1963లో కొత్త ములుకీ ఐన్ వచ్చి కులాన్ని బట్టి శిక్షలు, శుద్ధులు తీసేసింది. 2006లో నేపాల్ పార్లమెంటు దేశాన్ని అంటరానితనం లేనిదిగా ప్రకటించింది. అదే ఏడాది చివర్లో రాజుల కాలం నాటి రాజముద్రను మార్చి, అందులోని అడ్డ ఖుకురీలను తొలగించింది. 2011లో అంటరానితనాన్ని శిక్షార్హమైన నేరంగా చేసే ప్రత్యేక చట్టం తెచ్చింది. ఆ ఏటి జనాభా లెక్కల ప్రకారం నేపాల్‌లో కామీలు 12,58,554 మంది, మొత్తం జనాభాలో 4.8 శాతం. వాళ్లలో ఇప్పుడు కొలిమి ముందు కూర్చునేది కొందరే. కొడుకులు ఖతార్, మలేషియాలకు వలస వెళ్తున్నారు. బాలీఘరే తగ్గిపోతున్నకొద్దీ పల్లె గిరాకీకి బదులు పర్యాటకుల గిరాకీ, పటాలాల ఆర్డర్లు మిగిలాయి. కాఠ్మండూ ఛావునీలోని జాతీయ ప్రదర్శనశాలలో 1559లో గోర్ఖాను గెలిచిన ద్రవ్య షా ఖుకురీగా ఒకదాన్ని చూపిస్తారు. దాన్ని చేసిన కామీ పేరు ఎవరూ రాసి ఉంచలేదు. ఇవాళ ఠమేల్ దుకాణంలో కొనే ఖుకురీ మీద చెక్కి ఉండేది కూడా దుకాణం పేరే. కొనేటప్పుడు దీన్ని ఎవరు చేశారో, ఏ ఊళ్లో చేశారో దుకాణదారును అడగండి. చాలాచోట్ల వాళ్లకు తెలుసు, అడిగితే చెబుతారు.

(వచ్చే వారం: 1816 మార్చిలో ఖరారైన సుగౌలీ సంధి. నేపాల్ పోగొట్టుకున్న భూములు, కాఠ్మండూలో అడుగుపెట్టిన బ్రిటిష్ రెసిడెంటు.)